వాన తగ్గలేదంటున్నారు, మరి కరువెలా వచ్చింది? నాలుగో బోరు వేయించాలా?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు సారం చెప్పుకుందాం. అడిగినవారిది హిందూపురం దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో, కాపురం వర్తూరు వైపు అపార్ట్‌మెంటులో. 2022 సెప్టెంబరులో వరద నీళ్లలో ట్రాక్టరెక్కి ఆఫీసుకు వెళ్లారట. 2024 మార్చిలో అదే అపార్ట్‌మెంటులో ట్యాంకరు కోసం వాట్సాప్ గ్రూపులో కొట్లాడుకున్నారట. ఊళ్లో నాన్నగారివి మూడు బోర్లూ ఎండిపోతే ఇప్పుడు నాలుగోది వేయిస్తానంటున్నారు. "జిల్లా సగటు వాన పెద్దగా తగ్గలేదని లెక్కలు చూపిస్తున్నాయి. మరి ఈ కరువు వాతావరణ మార్పు వల్ల వచ్చిందా, మనం చేసుకున్నదా? ఎవరికి ఎంత తగులుతుంది?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఏడాది మొత్తం వాన తగ్గకుండానే కరువు రావచ్చు. వస్తోంది కూడా. మీ ఊళ్లో ఎక్కువ పాలు మారుతున్న వాతావరణానిది, మిగతాది మన పంటలదీ బోర్లదీ. బెంగళూరులో ఆ పాళ్లు తిరగబడతాయి. అక్కడ వాతావరణం ఒక్క తోపు తోసింది, అంచు మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నది మనమే. నాలుగో బోరు మాత్రం వేయించకండి. ఎందుకో కింద రాస్తాను.

నాది కదిరి వైపు పల్లె, ఇప్పుడు ఉండేది బెంగళూరు రామమూర్తినగర్. ఇరవై ఆరేళ్లుగా భూగర్భ జలాల పనే. పల్లెల్లో బోరు ఎక్కడ వేయాలో పాయింట్లు పెట్టడం, నగరంలో అపార్ట్‌మెంట్లకు వాననీటి పనులు చూడటం. వాతావరణ శాస్త్రం నేను చదివి తెలుసుకున్నది. నేల కింది సంగతి చేతులు మురికి చేసుకుని తెలుసుకున్నది. రెంటికీ తేడా ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

పేపర్లు అన్నిటినీ కలిపి కరువు అనేస్తాయి. పల్లెలో అలా అనరు. వానే పడకపోతే అనావృష్టి. ఒక వానకూ ఇంకో వానకూ మధ్య ఎడం పెరిగి పైరు వాడితే బెట్ట. చెరువుల్లో, బోర్లలో, కుళాయిల్లో చాలకపోతే నీటి ఎద్దడి. ఇవన్నీ కలిసి మనిషి గంజినీ గొడ్డు మేతనూ తాకితే కరువు. తిండే లేక జనం రాలిపోతే క్షామం. మా నాన్న ఆగస్టులో "బెట్టొచ్చింది" అనేవాడు గానీ, ఎనుముల్ని సంతకు తోలేదాకా "కరువు" అనే మాట నోట రానిచ్చేవాడు కాదు. ఆ మాటంటే నిజంగానే వస్తుందని భయం కాబోలు అనుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత తెలిసింది, ఆయన లెక్క సరైనదని.

మీరు చూసిన సగటు అనావృష్టిని పట్టుకుంటుంది. బెట్టను పట్టుకోదు. వాతావరణ మార్పు మన వైపు ముందుగా పెంచుతున్నది బెట్టనే. మీ గందరగోళమంతా ఈ ఒక్క తేడాలో ఉంది.

భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం, ఒక ప్రాంతంలో సీజను వాన దీర్ఘకాల సగటు కంటే 26 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గితే అనావృష్టి, 50 శాతం దాటితే తీవ్రమైనది. ఆ కొలత జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడిన వానంతా ఒక్క బకెట్లో పోసి చూస్తుంది. 2016లో కేంద్రం తెచ్చిన కరువు మాన్యువల్ కాస్త మెరుగు. అందులో బెట్టకూ చోటిచ్చారు. తేలిక నేలల్లో వరసగా 3 వారాలు, బరువు నేలల్లో 4 వారాలు, వారపు వాన మామూలులో సగం కూడా లేకపోతే బెట్ట కింద లెక్క. దాంతోపాటు పైరు పచ్చదనం ఉపగ్రహంతో చూడాలి, నేల తేమ, విత్తిన విస్తీర్ణం, చెరువుల్లో, భూమిలో నీటి మట్టం చూడాలి, ఊళ్లకు వెళ్లి సరిచూసుకోవాలి. కాగితం మీద చక్కగా ఉంటుంది. పొలంలో ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను.

పదేళ్ల కిందటి మాట. మా చిన్నాన్నకు ఆరెకరాల ఎర్రనేల, అంతా వేరుశనగే, కదిరి-6 రకం. జూన్ చివర వాన పడి నేల తడిసి మంచి పదునైంది, విత్తారు. మొలక ఎంత బాగా వచ్చిందంటే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. జులై దాటింది, పూత పట్టింది. ఆ తర్వాత ఆగస్టంతా మబ్బు రావడం, గాలికి చెదిరిపోవడం. ఒక ఆదివారం నేను ఊరికి వెళ్లి చేనిలో కూర్చుని ఒక చెట్టు దగ్గర మట్టి గోకి చూశాను. చెట్టుకు పదిహేను ఇరవై ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగే కాడలు, వేలాడుతున్నాయి. నేలను తాకినవి ఆరేడు. లోపలికి దిగినవి రెండు. ఎర్రమట్టి పైన పెంకు కట్టేసింది. వేలితో నొక్కితే అప్పడంలా పగిలి ముక్కగా పైకి లేచింది, కింద ఒట్టి దుమ్ము. దిగలేకపోయిన ఊడల కొనలు సూది మొనలా నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఊడ నేలలోకి దిగితేనే కాయ. దిగాల్సిన ఆ రెండు మూడు వారాల్లో పదును లేకపోతే తర్వాత గంగ దిగొచ్చినా కాయ కాయదు.

గంగ దిగనే దిగింది. సెప్టెంబరు మూడో వారంలో రెండు రాత్రులు కుండపోత. ఊరి కుంట అలుగు పారింది. చెట్లు మళ్లీ పచ్చగా చిగిర్చాయి. సీజను చివర లెక్క తీస్తే మండలం వాన "సాధారణం". ఉపగ్రహంలోంచి చూసినా పచ్చగానే ఉంటుంది మరి! కరువు మండలాల జాబితాలో మా మండలం పేరు రాలేదు. కార్యాలయానికి వెళ్లి అడిగితే కంప్యూటర్లో అంకె చూపించారు. ఆ అంకె తప్పేమీ కాదు, అదే బాధ. చిన్నాన్న మాత్రం నవ్వాడు. "బుడ్డల్లేవు గానీ మేత బాగుంది, ఈ ఏడు ఎద్దులకు పండగరా" అన్నాడు. సంక్రాంతి వెళ్లాక ఆయన పెద్దకొడుకు సెంట్రింగు పనికి బెంగళూరు బస్సెక్కాడు, ఇంకా ఇక్కడే ఉన్నాడు.

ఇప్పుడు ఈ బెట్టలు ఎందుకు పెరుగుతున్నాయో చూద్దాం.

గాలి 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. దీన్ని ఇలా ఊహించుకోండి: ఆకాశానికి చిన్న బిందె తీసేసి పెద్ద బిందె ఇచ్చాం. పెద్ద బిందె నిండటానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ మనకు బెట్ట. నిండాక బోర్లిస్తే ఒక్కసారిగా పడుతుంది, అది మనకు వరద. ఏడాది చివర కొలిస్తే మొత్తం అటూ ఇటూగా అంతే. మీరు 2022లో ట్రాక్టరూ 2024లో ట్యాంకరూ చూడటంలో వింత లేదు. రెండూ ఒకే బిందెలోవి.

రెండో సంగతి జనం తక్కువ మాట్లాడుకుంటారు. వేడిగాలికి దాహం ఎక్కువ. నేలలోంచి, ఆకుల్లోంచి, చెరువు మీంచి ఎక్కువ పీలుస్తుంది. అంతే వాన పడినా పదును ముందే ఆరిపోతుంది. పదును ఆరిన నేల ఇంకా తొందరగా వేడెక్కుతుంది, ఎందుకంటే నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయ్యే ఎండ ఇప్పుడు నేరుగా మట్టిని కాలుస్తుంది. ఆ వేడి మళ్లీ గాలి దాహాన్ని పెంచుతుంది. మా చిన్నాన్న చేనిలో పెంకు కట్టింది ఇలాగే. మా నాన్న కాలంలో రెండు వారాలు ఆగిన పదును ఇప్పుడు పది రోజులకే పోతోందని మా వైపు ముసలివాళ్లు అంటారు. నేను కొలిచి చూసిన అంకె కాదు, కానీ నమ్మదగ్గ మాటే.

కొలిచినవాళ్లు ఏమంటున్నారంటే: ఐక్యరాజ్య సమితి వాతావరణ సంఘం 2021 నివేదిక ప్రకారం, ఎండుతున్న ప్రాంతాల్లో పారిశ్రామిక యుగానికి ముందు పదేళ్లకోసారి వచ్చే నేల తేమ కరువు, భూమి 1 డిగ్రీ వేడెక్కేసరికి 1.7 రెట్లు తరచుగా వస్తోంది. 2 డిగ్రీలైతే 2.4 రెట్లు. మన దేశం సంగతికొస్తే, కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ఒక పెద్ద అంచనా విడుదల చేసింది. 1951 నుంచి 2015 మధ్య నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గిందని, గంగా మైదానంలో, పశ్చిమ కనుమల్లో ఆ తగ్గుదల గట్టిగా కనిపిస్తోందని అందులో ఉంది. అంతకంటే నాకు ముఖ్యమనిపించిన అంకె ఇంకొకటి: 1951–1980తో పోలిస్తే 1981–2011లో వానాకాలం మధ్య బెట్టలు 27 శాతం ఎక్కువగా వచ్చాయి. వాన మొత్తం 6 శాతం తగ్గితే బెట్టలు 27 శాతం పెరిగాయి. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండంకెల మధ్య ఉంది.

పశ్చిమ కనుమల మాట గుర్తుపెట్టుకోండి, బెంగళూరు దగ్గర పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. ఫలానా ఏడాది కరువును చూపించి "ఇది వాతావరణ మార్పే" అని ఎవరైనా ఢంకా బజాయిస్తే నమ్మకండి. మన రుతుపవనాలు ఎప్పుడూ పేచీకోరులే. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏడాదుల్లో, 2002, 2009, 2015, 2023లో మన వాన దెబ్బతింది. 2002 జులైలో దేశం మొత్తం మీద సగం వానే పడింది. అలాగని ఎల్‌నినో వస్తే కరువు ఖాయమనీ కాదు, 1997లో అంత బలమైన ఎల్‌నినో వచ్చినా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. హిందూ మహాసముద్రంలో పడమటి వైపు వేడెక్కి తూర్పు చల్లబడితే అది ఎల్‌నినోకు కొంత అడ్డుపడుతుంది. ఇక 1876–78 నాటి ధాత కరువు సంగతి మీ నాన్నగారు కూడా విని ఉంటారు. అప్పుడు భూతాపం లేదు. వాన లేదు నిజమే, కానీ జనం లక్షల్లో చచ్చింది వాన లేక మాత్రమే కాదు. మద్రాసు రేవు నుంచి ధాన్యం ఓడలు పోతూనే ఉన్నాయి, సహాయ పనుల్లో కూలీ బతకలేనంత తక్కువగా కోసేశారు. అనావృష్టి ఆకాశం పని, క్షామం సర్కారు పని అని మా తాతలు ఊరికే అనలేదు.

సరే, బెంగళూరు.

ఇక్కడ పడే వానకూ మీ కుళాయిలో నీళ్లకూ దాదాపు సంబంధం లేదు. నగరానికి ఏటా సగటున 970 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, మన పాత అనంతపురం జిల్లాకు అందులో సగానికి కాస్త పైన. అయినా మనం తాగేది పశ్చిమ కనుమల్లోని కొడగులో పడిన వాన. అక్కడ పడి, కావేరిలో దిగి, కృష్ణరాజసాగర జలాశయంలో నిలిచి, తొరెకాడనహళ్లిలో శుద్ధి అయి, దాదాపు వంద కిలోమీటర్లు పైపుల్లో, సుమారు 500 మీటర్ల ఎత్తుకు మోటార్లతో తోసుకుంటూ వస్తుంది. నగరానికి ఇది పాత అలవాటే. 1894లో హెసరఘట్ట నీళ్లు తెచ్చుకుంది. అవి చాలకపోతే 1933లో తిప్పగొండనహళ్లికి వెళ్లింది. 1974లో కావేరికి. దగ్గరున్నది తాగేసి దూరం నడవడం.

2023 ఆగస్టు మన దేశంలో 1901 నుంచి రికార్డుల్లో అతి తక్కువ వాన పడిన ఆగస్టు, 36 శాతం లోటు. కర్ణాటక 236 తాలూకాల్లో 223ని కరువు తాలూకాలుగా ప్రకటించింది. కృష్ణరాజసాగర నిండలేదు. సెప్టెంబరులో తమిళనాడుకు నీళ్లు వదలొద్దని బెంగళూరు బంద్ కూడా జరిగింది. కానీ ఆ రోజుల్లో మీ కుళాయి ఆగలేదు కదా? ఆగింది 2024 మార్చిలో. బెట్ట మూడు వారాల్లో పైరును కొడుతుంది, నీటి ఎద్దడి మాత్రం ఆర్నెల్లు నడిచి ఇంటికొస్తుంది. అందుకే జనం వానాకాలంలో పట్టించుకోరు. ఆ మార్చిలో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు, 12,000 లీటర్ల ట్యాంకరు 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలకే తోలాలన్నారు. ఆ ధరకు నాకు తెలిసిన ఎవరికీ దొరకలేదు.

ఇప్పటిదాకా చెప్పింది వాతావరణం వాటా. ఇక మనది.

నగరం నడిమధ్యకు కావేరి నీళ్లు పైపుల్లో వస్తాయి. అంచున ఉన్న మహదేవపుర, వర్తూరు, సర్జాపుర వైపు ఏళ్ల తరబడి బోర్ల మీదే నడిచింది. 2024 మార్చిలో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయి. ఇక్కడ కింద ఉన్నది గ్రానైటు లాంటి గట్టి రాయి, మన ఊరి రాయి లాంటిదే. ఈ రాయి స్పంజీ కాదు. నీళ్లుండేది పైన మెత్తబడిన పొరలోనూ, కింద అక్కడక్కడ పగుళ్లలోనూ. పడిన వానలో పదో వంతు లోపలికి దిగితే గొప్ప. ఆ కాస్త దిగడానికి దారి చెరువులు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో టి.వి.రామచంద్ర బృందం ఉపగ్రహ చిత్రాలతో కట్టిన లెక్కలో నాలుగు దశాబ్దాల్లో నగర జలాశయాల విస్తీర్ణం 79 శాతం పోయింది. మిగిలిన చెరువులను కలిపే రాజకాలువల మీద మనలాంటివాళ్ల అపార్ట్‌మెంట్లే ఉన్నాయి. మీదీ వాటిలో ఒకటేమో చూసుకోండి, 2022లో నీళ్లు ఊరికే రాలేదు, అవి వాటి దారిన అవి వచ్చాయి.

ఆ మార్చిలోనే సర్జాపుర రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంటు నుంచి ఫోన్ వచ్చింది. కార్యదర్శి నెల్లూరావిడ. "అన్నా, ఐదు బోర్లున్నాయి, ఆరోదానికి పాయింటు పెట్టాల" అంది. ముందు ఉన్నవాటి సంగతి చూద్దామని వెళ్లాను. ఒక బోరులో నీటి మట్టం టేపు దించాను, నీళ్లు తగిలితే బీప్ అంటుంది. 300 అడుగులు, 600, 900. టేపు అయిపోయింది గానీ బీప్ రాలేదు. పైకి చుట్టుకుంటే టేపు చివర బూడిద రంగు రాతిపొడి అంటుకుని ఉంది, పొడిగా. చుట్టూ నిలబడ్డవాళ్లు ఏం మాట్లాడలేదు.

తర్వాత మేడ మీదికెళ్లి చూస్తే, వాన పైపులన్నీ చక్కగా దిగి నేరుగా బయటి మురుగు కాలువలో కలుస్తున్నాయి. ఇంకుడు బావి ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలియదు. పాత ప్లాను తీసి వెతికితే పిల్లలు ఆడుకునే చోట రబ్బరు పలకల కింద దొరికింది, మూత తీస్తే కట్టడం నాటి సిమెంటు గడ్డలు, టైలు ముక్కలు. అక్కడే ఒక లెక్క వేసి చూపించాను. 1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు పడితే 1 లీటరు. వాళ్ల మేడ సుమారు 4,000 చదరపు మీటర్లు. 2017లో నగరంలో 1,696 మి.మీ. పడితే అదే రికార్డన్నారు, 2022లో అదీ దాటింది. ఐదో వంతు నష్టం తీసేసినా ఒక్క 2022లో ఆ మేడ మీద కనీసం 54 లక్షల లీటర్లు పడ్డాయి. 12,000 లీటర్ల ట్యాంకర్లలో పోస్తే 450. ఆ నీళ్లన్నీ కాలువలోకి వదిలేసి, అదే కాలువ పొంగి సెల్లారు మునిగిందని ఆ ఏడాది పంపులు కొన్నారు. నెల్లూరావిడ తల పట్టుకుంది.

ఆరో బోరు వేయలేదు. పైపులు మళ్లించి ముందు సంపులోకి, పొంగింది ఇంకుడు బావిలోకి పంపాం. బావి శుభ్రం చేయించాం, మూలన మూసేసిన పాత చేదబావిని తవ్వించాం, ముప్పై అడుగులే. అక్టోబరుకు ఆ చేదబావిలో నీళ్లు నిలిచాయి. చెట్లకు, టాయిలెట్లకు సరిపోతున్నాయి. గొప్పలు చెప్పుకోను, ఐదు బోర్లలో నాలుగు ఇంకా ఎండే ఉన్నాయి. వెయ్యి అడుగుల కింద ఖాళీ అయిన నీరు మళ్లీ నిండటానికి చాలా కాలం పడుతుంది. మేడ మీది నీళ్లు వడపోత లేకుండా నేరుగా బోరులోకి దింపమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, కాకి రెట్టల నీళ్లు పాతాళానికి పంపినట్టు అవుతుంది.

2024 అక్టోబరు 16న కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది, రోజుకు ఇంకో 77.5 కోట్ల లీటర్లు. అంతకుముందు 145 కోట్లు. ఇది మీ వైపు జనానికి నిజంగా ఊరట. కాదనను. కాకపోతే పాత పైపూ కొత్త పైపూ ఒకే నదిలో ఉన్నాయి, ఆ నది పుట్టే కనుమల్లోనే వాన తగ్గుతోందని పైన చూశాం.

ఎవరికి ఎంత తగులుతుంది అనేది కూడా అడిగారు. నగరంలో ఎద్దడి అంటే బిల్లు పెరగడం. పల్లెలో బెట్ట అంటే మనిషి కదలడం. పొద్దున ఆరు గంటలకు కె.ఆర్.పురం దగ్గర కూలీల అడ్డాకు వెళ్లండి, కదిరి, మడకశిర, కళ్యాణదుర్గం యాసలన్నీ వినిపిస్తాయి. వేరుశనగ పోయిన ఏడు ఆ గుంపు పెరుగుతుంది, నేను కళ్లారా చూస్తున్నదే. ముందు ఎనుములు పోతాయి, తర్వాత ఆడవాళ్ల చెవుల్లో కమ్మలు, తర్వాత ఆడపిల్ల చదువు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఇక్కడ మీకొచ్చే ట్యాంకరు నీళ్లు నగరం అంచున ఏదో ఊళ్లో రైతు తన బోరులోంచి అమ్మినవి. ఆయనకు పంట కంటే అదే గిట్టుబాటు. నాలుగేళ్లకు ఆ ఊరూ ఎండుతుంది. నగరం కరువును ట్యాంకరుతో పక్క ఊరికి తోలేస్తోంది.

ఆరోగ్యం సంగతి ఒక్క మాట. లోతుకు పోయే కొద్దీ మన రాయిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. అనంతపురం, కోలారు వైపు పళ్లు పచ్చబడ్డ పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. కొత్త బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా ఇంట్లోకి తీసుకోవద్దు.

ఇక నాలుగో బోరు.

మీ నాన్నగారి మూడు బోర్లూ ఒకే పొలంలో ఉంటే, చాలావరకు మూడూ ఒకే పగులు మీద కూర్చుని ఉంటాయి. నాలుగోది వేస్తే నాలుగు గడ్డిపరకలతో ఒకే గ్లాసు తాగినట్టే. పక్క చేనివాళ్లవి కూడా అందులోనే ఉంటాయి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు రిగ్గువాళ్లు అడుగు లెక్కన తీసుకుంటారు, లోతు పెరిగే కొద్దీ అడుగు ధర పెరుగుతుంది. నీళ్లు దొరికే అవకాశం మాత్రం తగ్గుతుంది. 600 దాటాక "ఇంకో రెండు రాడ్లు దించుదాం సామీ" అన్న మాటకు ఎన్ని ఎకరాలు పోయాయో నాకు తెలుసు. రాత్రి రెండు గంటలకు రిగ్గు వెలుతురులో, దుమ్ము తప్ప ఏమీ రాని గొట్టం పక్కన, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ మనిషిని నేను చాలాసార్లు చూశాను. నేను పెట్టిన పాయింట్లూ ఫెయిలయ్యాయి. చేతిలో టెంకాయ పట్టుకుని నీళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాడికీ నాకూ తేడా ఏమిటంటే నేను ఫెయిలయ్యే అవకాశం ముందే చెబుతాను. పైగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి.

ఆ డబ్బులో కొంతతో పొలంలో పల్లం వైపు నీటి కుంట తవ్వించండి. పైన 10 మీటర్ల పొడవు, 10 వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు, గట్లు ఏటవాలుగా తీసుకున్నా సుమారు లక్షా నలభై వేల లీటర్లు పడుతుంది. ఎకరాకు 10 మి.మీ. తడి ఇవ్వాలంటే 40,000 లీటర్లు. అంటే ఊడలు దిగే వారంలో మూడు ఎకరాలకు స్ప్రింక్లరుతో ఒక్క తడి. ఆ ఒక్క తడి ఉంటే మా చిన్నాన్న కొడుకు ఊళ్లోనే ఉండేవాడు. ఎర్రనేలలో నీళ్లు ఇంకిపోతాయి, ఎండకు ఆవిరవుతాయి, కాబట్టి కుంట నిండుగా ఉంచుకుని సెప్టెంబరు దాకా దాచుకుందామనుకోకండి. మొదటి గట్టి బెట్టకే వాడేయాలి. పెద్ద వానలు గుంపుగా పడుతున్నాయని పైన చెప్పాను కదా, అలాంటివి ఒకటి రెండు పడితే కుంట మళ్లీ నిండుతుంది.

ఉన్న మూడు బోర్లలో కేసింగు (పైభాగంలో దింపే గొట్టం) బాగున్నది ఒకటి ఎంచి, కంప్రెసరుతో కడిగించి చూడండి. వంక నీళ్లు దగ్గరగా పారుతుంటే ఆ కేసింగు చుట్టూ గుంత తవ్వి, రాళ్లు, కంకర, ఇసుక పొరలు వేయించవచ్చు. నీళ్లు పారని మిట్ట మీద ఇది దండగ.

పంట సంగతి చెప్పడం సులభం, చేయడం కష్టం. మొత్తం వేరుశనగ వేయకుండా సాళ్ల మధ్య కంది, ఒక ఎకరా కొర్ర. కొర్ర మూడు నెలల పంట, బెట్టకు ఓర్చుకుంటుంది. కంది వేరు లోతుకు దిగుతుంది, సెప్టెంబరు వానను అదే అందుకుంటుంది. పెద్దాయన ఒప్పుకోకపోవచ్చు. బోరు ఆయనకు ఒట్టి గొట్టం కాదు, కొడుకు పంపే డబ్బు మీద ఆధారపడకుండా తన కాళ్ల మీద నిలబడే దారి. కుంట గురించి చెప్పేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి. నేనైతే ఇద్దరం కలిసి పొలం చుట్టూ వాన పడుతుండగా ఒకసారి నడవమంటాను, నీళ్లు ఎటు పోతున్నాయో ఆయనే చూపిస్తారు.

మూడు బోర్ల వివరాలు పెడితే ఇంకాస్త చెప్పగలను. ఒక్కోటి ఎన్ని అడుగులు, కేసింగు ఎంత వరకు, మొదట్లో ఎన్ని అంగుళాల నీళ్లు, ఎన్నో అడుగులో గ్యాపు (రాతి పగులు) తగిలింది, ఏ ఏడాది ఏ నెలలో ఆగిపోయింది. రిగ్గువాళ్లు ఇచ్చిన చీటీ ఇంట్లో ఎక్కడో ఉంటుంది, సాధారణంగా పంచాంగంలో పెడతారు.